రాజుపై అలిగి ఊరు విడచుట : దేశత్యాగ చరిత్రము

తమిళదేశమున కోవిల్పట్టి, సాత్తూరు ప్రాంతములందు తరతరములుగా కాపురమున్న తెలుగు కుటుంబములలోని పెద్దలను “మనవారు ఇచ్చటికి ఎట్లు వచ్చిరి?” అని అడిగినచో, పలువురు ఇంచుమించు ఒకే కథను చెప్పుదురు. ఉత్తరదేశమున ఒక తురుష్క ప్రభువు తమ యింటి ఆడపిల్లను కోరెనట. ఇచ్చుటకు మనసొప్పలేదు, ఎదిరించుటకు బలము చాలలేదు. రాత్రికి రాత్రి ఊరు ఖాళీచేసి, పశువులను తోలుకొని, పసిపిల్లలను చంకనెత్తుకొని దక్షిణముగా నడచిరి. దారిలో దాటరాని ఏరు అడ్డుపడెను. వెనుక వేటాడివచ్చు రౌతులు, ముందు నిండు ప్రవాహము. అప్పుడు ఒడ్డున నున్న కానుగచెట్టు వంగి వంతెనయై వారిని ఆవలికి చేర్చెనట. తొట్టియ నాయకులు కానుగచెట్టును పూజ్యముగా ఎంచుటకు ఇదియే కారణమని చెప్పుదురు. 1909లో వెలువడిన థర్‌స్టన్ దొరగారి దక్షిణదేశ కుల సంపుటములందు ఈ గాథ ఎక్కినది. ఇడైసెవల్ గ్రామమున తెలుగు కుటుంబమునందు జన్మించి తమిళమున మహారచయిత యనిపించుకొన్న కి. రాజనారాయణన్ గారు 1976లో ప్రకటించిన ‘గోపల్ల గ్రామము’ అను నవలకును ఇట్టి పలాయన గాథయే మూలము.

చరిత్రకారులు ఈ కథను ఉన్నదున్నట్లు అంగీకరింపరు. 1371 ప్రాంతమున కుమార కంపనరాయలు మధుర సుల్తానులను జయించుటతో తెలుగు సేనలకు దక్షిణపు త్రోవ ఏర్పడినది. పదునాఱవ శతాబ్దమున విశ్వనాథ నాయకుడు మధురలో పాలన నెలకొల్పిన పిమ్మట ఆ త్రోవ రాజమార్గమైనది. సేనలవెంట కాపులు, కాపులవెంట వృత్తులవారు వచ్చిరి. నల్లరేగడి నేలలలో మెట్టసేద్యము చేయు నేర్పు తెలుగు కాపులకు ఉండుటచే, తిరునల్వేలి సీమలో వట్టిగా పడియున్న కరిసల్ భూములు వారిని ఆకర్షించెను. కావున వచ్చినవారందఱు పాఱివచ్చినవారు కారు. జయించి వచ్చినవారును, పిలువగా వచ్చినవారును, పొలము వెదకికొని వచ్చినవారును ఉన్నారు.

అయినను ఒక విషయము ఆలోచింపదగియున్నది. ఇన్ని కారణములుండగా వంశపరంపరగా నిలిచిన జ్ఞాపకము మాత్రము ఒక్కదానినే పట్టుకొన్నది. “ఆకలికి వచ్చితిమి” అనికాని, “భూమికై వచ్చితిమి” అనికాని మనవారు చెప్పుకొనరు. “చెడ్డ ప్రభువు ఏలుబడిలో ఉండనొల్లక వచ్చితిమి” అని చెప్పుకొందురు. ఊరు విడచుట పిఱికితనము కాదనియు, అది పాలకునకు ప్రజలు చెప్పు తుది సమాధానమనియు ఆ కథ యొక్క భావము. ఈ భావము చరిత్రలో ఎంతవఱకు సార్థకమైనదో పరిశీలించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

నేడును ఈ ప్రశ్న పాతబడలేదు. రాజకీయముల తీరు చూచి విసిగి విదేశములకు పోయి స్థిరపడుదుమను యువకులు ప్రతి ఊరను ఉన్నారు. పొరుగు రాష్ట్రములందలి మన పల్లెలలో ఇదే మాట మఱియొక రూపమున వినవచ్చుచున్నది. నేను తెలుగు చెప్పు హొసూరు ప్రాంతమున, 2006లో తమిళ భాషాభ్యసన చట్టము వచ్చినది మొదలు, “ఇంకెందుకు మాష్టారూ, చిత్తూరు వైపు పోయి ఉండరాదా?” అని అడుగు తల్లిదండ్రులు ఏటేట కనబడుచున్నారు. వారికి ఇచ్చుటకు నాయొద్ద సిద్ధమైన సమాధానము లేకపోయినది. అందుచేత చరిత్రను అడుగవలసి వచ్చినది.

మొదట మాటను చూతము. ఇప్పుడు ‘వలస’ యనగా కూలికై, కొలువుకై పరస్థలమునకు పోవుట. కాని పూర్వార్థము వేఱు. శత్రుసేన వచ్చునను భయముచే జనులు ఇండ్లు విడిచి పోవుటయే వలస యని బ్రౌను దొరగారి నిఘంటువు చెప్పుచున్నది. అనగా ఈ మాటయొక్క పుట్టుకలోనే రాజకీయము కలదు. కూటికొఱకు పోవుటకంటె ముందు, ఏలికల కలహములనుండి తప్పించుకొనుటకు పోవుట మన భాషకు తెలిసిన వలస.

ఇట్లు ప్రజలు లేచిపోవుట పాలకునకు ఎంత నష్టమో మన రాజులకు తెలియకపోలేదు. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో యామునాచార్యునిచేత కుమారునకు రాజనీతి చెప్పించిన ఘట్టము చతుర్థాశ్వాసమున కలదు. అందొక పద్యమునకు తాత్పర్యమిది: బాధలు పడలేక ప్రజలు దేశము విడిచిపోవుచుండగా, వారిని మరల పిలువక, వారి పశువులను ధాన్యమును అమ్ముకొనవచ్చుననియు, వారి యిండ్లు వంటచెఱకునకు పనికివచ్చుననియు తలంచు అధికారి ఎవని కొలువున ఉండునో, ఆ రాజు సప్తద్వీపములను జయించినను వర్ధిల్లడు. సామ్రాజ్యము ఉచ్చదశలో నున్నప్పుడు ఆ సామ్రాట్టే వ్రాసిన మాట యిది. ఇందులో ముఖ్యమైనది ‘పిలుచుట’. ప్రజలు పోవుదురనియు, పోయినవారిని పిలువవలసిన ధర్మము రాజుపై ఉన్నదనియు ఆ కాలపు నీతి.

ఈ నీతికి వెనుక ఒక లెక్కయు కలదు. ఆ దినములలో భూమి విస్తారము, దున్ను చేతులు తక్కువ. కాపు ఒకడు పోయిన పొలము బీడగును, పన్ను రాదు. పొరుగు నాయకుడు ఆ కాపును సంతోషముగా చేర్చుకొనును. కావున లేచిపోవుదుమను బెదరింపునకు విలువ యుండెను. పన్నుల బరువుచే రైతులు గ్రామములను విడువగా పన్నులు తగ్గించి వారిని మరల రప్పించిన సంగతులు విజయనగర కాలపు శాసనములందు కనబడుచున్నవి. మన పూర్వులకు ఎన్నికలు లేవు, వార్తాపత్రికలు లేవు. కాలినడకయే వారి మహజరు.

కాలము మాఱినది. ఇరువదవ శతాబ్దమున భూమి కఱవైనది, జనము పెరిగినది, ప్రభుత్వము బలిసినది. అప్పుడు ఈ ప్రాచీన సాధనము ఏమైనదో తెలిసికొనుటకు రెండు ఉదాహరణములు ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. ఒకటి 1920లో వాయవ్య సరిహద్దున జరిగినది. రెండవది 1921లో తెలుగుదేశమున జరిగినది.

మొదటి ప్రపంచయుద్ధానంతరము తురుష్క ఖలీఫాకు బ్రిటిషువారు చేసిన అన్యాయమునకు మనసు నొచ్చిన ముస్లిములు, ఇట్టి ప్రభుత్వము క్రింద ఉండదగదని తలంచి, 1920 వేసవిలో ఆఫ్గనిస్థానమునకు తరలిపోవ నారంభించిరి. దీనికి హిజ్రత్ అని పేరు. అమీరు అమానుల్లాఖాను వచ్చువారికి ఆశ్రయమిత్తునని ముందు ప్రకటించియుండెను. సింధునుండి, పంజాబునుండి, అన్నిటికంటె హెచ్చుగా సరిహద్దు రాష్ట్రమునుండి జనులు భూములను, పశువులను కారుచౌకగా తెగనమ్మి ఖైబరు కనుమ దారి పట్టిరి. వారి సంఖ్యనుగూర్చి చరిత్రకారుల అంచనాలు ఇరువది వేలు మొదలు అరువది వేల వఱకు ఉన్నవి. అంతమందికి కూడు గూడు చూపుట ఆ పేద రాజ్యమునకు శక్యము కాలేదు. ఆగస్టు మాసమున అమీరు ఇక రావలదనెను. ఎండకు, ఆకలికి, రోగములకు దారిలోనే పలువురు మరణించిరి. పోయినవారిలో అధికభాగము తిరిగివచ్చిరి. తిరిగివచ్చునప్పటికి వారి పొలములు పరులవి. బ్రిటిషు ప్రభుత్వమునకు మాత్రము పెద్ద నష్టమేమియు కలుగలేదు.

మఱుసటి సంవత్సరమే చీరాల–పేరాల ఉద్యమము జరిగెను. చీరాల, పేరాల, జాండ్రపేట, వీరరాఘవపేట కలిసి అంతకుముందు ఒక యూనియనుగా ఉండెను. నేతపనివారు అధికముగా నున్న ఊళ్లు. యూనియనుకు ఏటికి నాలుగువేల రూపాయలు పన్ను వచ్చుచుండగా, ప్రభుత్వము దానిని పురపాలక సంఘముగా మార్చినంతనే పన్నుల భారము నలుబదివేలకు ఎక్కెను. పదునైదువేల జనాభాగల పేద ఊళ్లకు ఇది మోయరాని బరువు. ప్రజలు అర్జీలు పెట్టిరి, ప్రయోజనము లేకపోయెను. ఎన్నికైన సభ్యులు రాజీనామా చేసిరి. ప్రభుత్వము జీతగాడైన అధ్యక్షుని నియమించెను. పన్ను చెల్లింపనన్నవారిని జెయిలుకు పంపిరి. వారిలో స్త్రీ కూడ ఉండెను.

ఈ సమయమున వారికి నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఎడింబరోలో ఎం.ఏ. చదివి వచ్చి, రాజమహేంద్రవరమునను, బందరు జాతీయ కళాశాలలోను పనిచేసి, శ్రీరామదండు అను సేవాదళమును కూర్చిన వాడు. 1921 మార్చి నెలాఖరున బెజవాడలో అఖిలభారత కాంగ్రెసు సంఘము సమావేశమైన పిమ్మట, ఏప్రిలు 6వ తేదీన గాంధీమహాత్ముడు చీరాలకు విచ్చేసెను. రెండు మార్గములున్నవని ఆయన చెప్పెను: శాంతము తప్పక పన్ను నిరాకరించుట యొకటి, పురపాలక సంఘపు ఎల్లలు దాటి ఊరిని విడచుట రెండవది. అయితే ఏ మార్గము పట్టినను తమ బలముపైననే ఆధారపడవలెననియు, కాంగ్రెసునుండి ధనసహాయము ఆశింపరాదనియు ముందే హెచ్చరించెను.

గోపాలకృష్ణయ్యయు ప్రజలును రెండవ మార్గమునే ఎన్నుకొనిరి. పదునైదువేలమందిలో పదుమూడు వేలకు పైగా ఇండ్లు విడచి, ఎల్లల వెలుపల పాకలు, పందిళ్లు వేసికొని కాపురము పెట్టిరి. ఆ క్రొత్త ఊరికి రామనగరమని పేరు. నేతపనివానికి ఇల్లు విడచుట యనగా ఏమో మగ్గము తెలిసినవారే ఎఱుగుదురు. గుంటమగ్గము ఇంటి నేలలో త్రవ్విన గుంటపై కట్టినది. ఇల్లు వదలిన మగ్గము వదలినట్లే. క్రొత్తచోట మరల గుంట త్రవ్వవలెను, నూలు తడియకుండ కాపాడవలెను. అట్టివారు ఎండలు, వానలు, చలి మూడు ఋతువులు ఓర్చి ఇంచుమించు పదునొకండు నెలలు రామనగరమున నిలిచిరి.

ఉద్యమమునకు ధనము కావలసి గోపాలకృష్ణయ్య ఊరూర తిరిగెను. అట్లు బరంపురమునకు పోయినప్పుడు ఉపన్యసింపరాదని మేజిస్ట్రేటు ఉత్తర్వు చేసెను. ఆయన దానిని లెక్కచేయలేదు. ఒక సంవత్సరము శిక్ష విధించి తిరుచిరాపల్లి జెయిలుకు పంపిరి. నేడు ఒడిస్సాలోనున్న ఊర నిర్బంధము, తమిళనాట కారాగారము, తెలుగుదేశమున ఉద్యమము! నాయకుడు లేక, ధనము లేక, 1922లో ప్రజలు క్రమముగా ఇండ్లకు మరలిరి. పురపాలక సంఘము అట్లే నిలిచెను.

ఫలితము మాత్రమే చూచినచో రెండును ఓటములే. కాని వీనికి గల భేదము గమనింపవలెను. హిజ్రత్‌కు పోయినవారు ఆస్తులమ్ముకొని, తిరిగి వచ్చు త్రోవను తామే మూసికొని, ఎఱుగని రాజ్యముయొక్క దయపై ఆధారపడిరి. చీరాలవారు తమ యిండ్లు కనబడునంత దూరముననే ఆగిరి. వారు పోయినది పోవుటకు కాదు, తిరిగివచ్చుటకు. అందుచేత ఓడినను ఊరు చెదరలేదు. మగ్గములు మరల ఆడెను. ఆ పదునొకండు నెలల కథ దేశమంతట ప్రాకి తెలుగువారికి గౌరవము తెచ్చెను. 1930లో గుజరాతునందు బార్డోలీ, బోర్సదు రైతులు పన్ను నిరాకరించి వేలకొలది బరోడా సంస్థానపు గ్రామములకు తరలి, కొంతకాలమునకు తమ ఊళ్లకు మరలిరి. అదియు ఈ జాతికి చెందిన నిరసనయే.

అన్ని దేశత్యాగములును ఇట్లు ఎన్నుకొని చేసినవి కావు. 1947లో నిజాము తాను ఏ రాజ్యమునను చేరనని ప్రకటించినప్పుడు తెలంగాణమునకును కృష్ణాజిల్లాకును నడుమనున్న ఎల్ల ఒక విధముగా దేశముల ఎల్ల యయ్యెను. రజాకారుల దౌర్జన్యము పెరుగగా ఖమ్మము, నల్లగొండ ప్రాంతముల జనులు జగ్గయ్యపేట, నందిగామ, బెజవాడ వైపునకు పాఱివచ్చిరి. మఱికొందఱు షోలాపూరు, చాందా వైపు పోయిరి. స్టేటు కాంగ్రెసువారు సరిహద్దుల వెంబడి శిబిరములు పెట్టిరి. పోక నిలిచి పోరాడిన ఊళ్లును ఉన్నవి. నేటి సిద్దిపేట జిల్లాలోని బైరాన్‌పల్లి ప్రజలు బురుజుపైనుండి రజాకారులను పలుమాఱు తిప్పికొట్టిరి. 1948 ఆగస్టు 27న ఆ ఊరు రక్తసిక్తమయ్యెను. సెప్టెంబరు 13న భారతసేన ప్రవేశించి, 17న నిజాము లొంగిన పిదప, ఎల్ల దాటినవారు ఇండ్లకు మరలిరి. బైరాన్‌పల్లిలో నిలిచినవారిని వీరులందుము. పిల్లలను తీసికొని రాత్రి ఎల్ల దాటిన తల్లిని ఏమందుము? ప్రాణము పోవుచున్నచోట పోవుటయా, నిలుచుటయా యను తర్కమునకు తావులేదు. అట్టివారిని తూచుటకు మనకు అధికారము లేదు.

యానాము చరిత్ర మఱియొక కోణమును చూపును. అది ఫ్రెంచివారి ఊరైనందున, బ్రిటిషు చట్టము నచ్చనివారికి నాలుగడుగుల దూరమున విదేశము దొరకినట్లయ్యెను. 1929లో శారదా చట్టము పుట్టి మఱుసటి యేడు అమలునకు రాగా, చుట్టుప్రక్కల జిల్లాలవారు బాల్యవివాహములు చేయుటకు యానామునకు పోవుచుండిరి. ఆ ఊరికి కల్యాణపురమను పేరు అట్లు వచ్చినది. కావున పాలనపై అసమ్మతి యెల్ల ధర్మము కాదు. మేలు చేయు చట్టమును తప్పించుకొనుటకును ఎల్ల దాటుట కలదు. ఆ యానామునందే 1954లో భారతదేశమున విలీనము కోరిన వారిలో కొందఱు ఫ్రెంచి అధికారులకు జంకి ప్రక్కనున్న మన భూభాగమునకు చేరిరి. జూన్ 13వ తేదీన దడాల రఫేల్ రమణయ్య నాయకత్వమున విలీనవాదులు యానాములో ప్రవేశించి పాలనను చేకొనిరి. అదే సంవత్సరము నవంబరు 1న ఫ్రెంచివారు అధికారమును అప్పగించిరి. ఇచ్చటను గమనింపదగినది ఒకటే: వెడలినవారు మరలివచ్చుటకే వెడలిరి.

ఇక నాల్గవ తెగవారు కలరు. వారు అడుగు కదపలేదు. ఎల్లయే వారిని దాటిపోయినది. 1936 ఏప్రిలు 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడగా బరంపురపు తెలుగువారు నిద్రలేచి మఱియొక రాష్ట్రమున నుండిరి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రావతరణ దినముననే బళ్లారి మైసూరున కలిసెను. 1960 ఏప్రిలు 1న పటాస్కరు నిర్ణయము ననుసరించి తిరుత్తణి మద్రాసున చేరెను. ఇట్టివారికి అసంతృప్తికి కారణమున్నది. పోదమన్న చేరువనే స్వభాషారాష్ట్రము ఉన్నది. అయినను అత్యధికులు పోలేదు. ఇల్లు, పొలము, దేవళము, శ్మశానము ఉన్నచోటనే నిలిచిరి. బడులు పెట్టిరి, గ్రంథాలయములు పెట్టిరి, అర్జీలు వ్రాసిరి. రాజ్యాంగమునకు 1956లో చేర్చిన 350–ఏ అధికరణము అల్పసంఖ్యాక భాషలవారి బిడ్డలకు ప్రాథమిక విద్య మాతృభాషలో నేర్పు సదుపాయము కల్పింప యత్నింపవలెనని రాష్ట్రములను ఆదేశించుచున్నది. అట్టి అధికరణము కాగితముపైననే ఉండిపోక బడిగా నిలుచుట, ఆ సదుపాయము మాకు కావలెనని అడుగువారు ఆ ఊర ఉండుటచేతనే జరుగును. అందఱు లేచిపోయిన ఊర అడుగువాడెవడు?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. కానుగచెట్టు కథనుండి యానామువఱకు చూచినచో నాకు తోచిన సారము ఇది. ఊరు విడచుట పాలకునకు చెప్పు మాట కావలెనన్న మూడు విషయములు కూడవలెను: పోవువారు సమష్టిగా పోవలెను, వారు లేమి పాలకునకు బాధ కలిగింపవలెను, తిరిగివచ్చు తలంపు వారి మనసున ఉండవలెను. రాయల కాలమున రెండవది సహజముగా సమకూడెను. చీరాలలో మొదటిదియు మూడవదియు ఉన్నవి, రెండవది చాలలేదు. నేడు రాజకీయములపై విసిగి ఒంటరిగా విదేశమునకు పోవు యువకుని విషయమున ఈ మూడింటిలో ఒకటియు సాధారణముగా ఉండదు. అతడు పోవుట తప్పు కాదు. చదువునకు, వృత్తికి, మనశ్శాంతికి పోవచ్చును. మన పూర్వులు పోకపోయినచో ఈ సంపుటమే ఉండదు. కాని ఆ ప్రయాణమును నిరసన యని పిలువరాదు. వాని ఓటు పోయిన ఊర ఒక ఓటు తగ్గుటయే గాని, పాలకునకు ఏమియు వినబడదు. పిలువవలెనను నీతి తెలిసిన రాజు లేనప్పుడు అలిగిపోయినవాని అలుక వానికే మిగులును.

మా ప్రాంతపు తల్లిదండ్రులకు నేను ఇప్పుడు చెప్పు మాటయు ఇదియే. బిడ్డ భవిష్యత్తు కొఱకు పోవలసివచ్చిన పొండు, తప్పుపట్టువాడు లేడు. కాని తెలుగు కొఱకు పోవుచున్నామని మాత్రము అనుకొనవలదు. మీరు పోయిన మఱునాడు మా తరగతిలో ఒక పీట ఖాళీ యగును. పీటలు కొన్ని ఖాళీ అయినచో తరగతి పోవును. తరగతి పోయినచో ఉపాధ్యాయుని కొలువు పోవును. ఆ పిమ్మట ఈ ఊర తెలుగు అడుగుటకు చట్టమున హక్కు ఉండియు, అడుగు నోరు ఉండదు. మీరు చిత్తూరున చేరుట వలన అచ్చటి తెలుగునకు కలుగు లాభము అత్యల్పము. ఇచ్చటి తెలుగునకు కలుగు నష్టము పూడరానిది.

కానుగచెట్టు వంగి మన పెద్దలను దాటించినదను కథను నేను ఏటేట పిల్లలకు చెప్పుదును. ఇటీవల ఒక పిల్లవాడు, “దాటిన తర్వాత ఆ చెట్టు మళ్లీ లేచి నిలబడిందా, సార్?” అని అడిగెను. కథలో దానికి సమాధానము లేదు. కాని ఆ చెట్టును నేటికిని పూజించువారు ఏటికి ఈవలి ఒడ్డుననే ఉన్నారు. ఐదాఱు వందల ఏండ్లుగా వారు ఇండ్లలో తెలుగు మాటలాడుచునే యున్నారు. మన పెద్దలు ఒకమాఱు దాటిన మాట నిజము. దాటిన పిదప ఇన్ని తరములు కదలక నిలిచిన మాటయు అంతే నిజము. మొదటిది మనకు కథగా మిగిలినది. భాష మిగిలినది మాత్రము రెండవదానివలన.